నివురు గప్పిన నక్షత్రాలు: ధూళి గెలాక్సీలలో నక్షత్ర జననం

1. పరిచయం

నివురు గప్పిన నిప్పు మీకు తెలుసు. పైకి బూడిదే కనిపిస్తుంది. చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది. సుదూర గెలాక్సీలలో కొత్త నక్షత్రాలు పుట్టే చోట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. విశ్వ చరిత్రలో నక్షత్రాలు వెలువరించిన కాంతిలో దాదాపు సగం ధూళిలో ఇంకి, పరారుణ కిరణాలుగా బయటికి వచ్చింది. కంటికి కనిపించే కాంతినే నమ్ముకుంటే నక్షత్రాల పుట్టుక లెక్కలో ఆ సగం జారిపోతుంది. దాన్ని ఎలా పట్టుకుంటారో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. ధూళి ఏం చేస్తుంది?

పాల్వంచ దాటి కిన్నెరసాని అడవి వైపు, దీపాలు లేని చోట, వేసవిలో అర్ధరాత్రి దాటాక ఆకాశం చూడండి. పాలపుంత మధ్యలో నల్లని చీలిక కనిపిస్తుంది. అక్కడ నక్షత్రాలు లేవని కాదు, ధూళి మేఘాలు అడ్డం ఉన్నాయి. ఈ ధూళి అంటే సిలికేట్, కార్బన్ రేణువులు. వాటి పరిమాణం సుమారు మైక్రోమీటరులో పదోవంతు.

కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు అతినీలలోహిత కాంతిని ఎక్కువగా వెదజల్లుతాయి. రేణువులు దాన్ని శోషించుకొని కాస్త వేడెక్కుతాయి. ఆ ఉష్ణోగ్రత 30 కెల్విన్ అనుకుందాం. వీన్ నియమం ప్రకారం 2898ని 30తో భాగించండి. వికిరణం గరిష్ఠంగా ఉండే తరంగదైర్ఘ్యం సుమారు 97 మైక్రోమీటర్లు వస్తుంది. ఇది దూర పరారుణ ప్రాంతం.

3. హైదరాబాద్ బెలూన్లు

దూర పరారుణ కిరణాలను గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది. అందుకే టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు హైదరాబాద్‌లోని తమ బెలూన్ కేంద్రం నుంచి ఒక మీటరు వ్యాసం గల దూరదర్శినిని దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, పాలపుంతలో నక్షత్రాలు పుట్టే మేఘాలను పరిశీలించారు. తర్వాత జపాన్ శాస్త్రజ్ఞుల సహకారంతో అయనీకరణం చెందిన కార్బన్ వెలువరించే 158 మైక్రోమీటర్ల రేఖను కొలిచారు. కొత్త నక్షత్రాల కాంతి సోకిన వాయువు చల్లబడే ముఖ్యమైన దారుల్లో ఈ రేఖ ఒకటి. దీన్ని గుర్తుంచుకోండి.

4. సప్తర్షి మండలంలో ఒక ఉదాహరణ

1995 డిసెంబరులో హబుల్ దూరదర్శిని సప్తర్షి మండలంలోని ఒక చిన్న భాగాన్ని పది రోజుల పాటు చిత్రీకరించింది. అందులో వేలాది గెలాక్సీలు కనిపించాయి. హవాయిలోని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ దూరదర్శినితో అదే భాగాన్ని 850 మైక్రోమీటర్ల దగ్గర చూసి, 1998లో ఫలితాలు ప్రకటించారు. అన్నిటికన్నా ప్రకాశవంతంగా కనిపించిన వస్తువుకు హెచ్‌డీఎఫ్ 850.1 అని పేరు. హబుల్ చిత్రంలో ఆ చోట దానికి సరిపోయే గెలాక్సీ దొరకలేదు. కాంతిలో జాడ లేనిదాని దూరం కొలవడం ఎలా?

జవాబు 2012లో వచ్చింది. కార్బన్ రేఖ 158 దగ్గర కాక, దాదాపు 975 మైక్రోమీటర్ల దగ్గర కనిపించింది. విశ్వ వ్యాకోచం వల్ల తరంగం ఇలా సాగడాన్ని అరుణ విస్థాపనం అంటారు. సుమారు 6.2 రెట్లు సాగింది కనుక విస్థాపనం విలువ 5.2. అంటే ఆ కాంతి బయలుదేరి 1,250 కోట్ల సంవత్సరాలు దాటింది. అక్కడ ఏటా సుమారు 850 సూర్యుళ్లంత ద్రవ్యరాశి నక్షత్రాలుగా మారుతోందని అంచనా. మన పాలపుంతలో అది ఒకటి, రెండు సూర్యుళ్లంతే.

ఒక విశేషం గమనించండి. దగ్గరి మేఘాల కార్బన్ రేఖ కోసం బెలూన్ ఎగరవేయాలి. సుదూర గెలాక్సీలలో అదే రేఖ సాగి, ఆవిరి అంతగా అడ్డుకోని తరంగదైర్ఘ్యాలకు చేరితే, పొడి గాలి ఉన్న ఎత్తయిన పర్వతం మీది నుంచే దొరుకుతుంది. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా దూరదర్శినులు చేస్తున్నది ఇదే.

5. ఒక జాగ్రత్త

సెగ ఉన్నంత మాత్రాన అది నక్షత్రాలదే అనుకోకూడదు. గెలాక్సీ కేంద్రంలోని కృష్ణబిలం చుట్టూ తిరిగే వేడి పదార్థం కూడా ధూళిని వేడెక్కిస్తుంది. రెండింటినీ విడదీయకుండా లెక్క వేస్తే నక్షత్రాల సంఖ్య ఎక్కువగా వస్తుంది. ధూళిని మరిస్తే తక్కువ వస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక గెలాక్సీలో ధూళి ఉష్ణోగ్రత 40 కెల్విన్, అరుణ విస్థాపనం 3. దాని వికిరణం మనకు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా కనిపిస్తుంది? (సూచన: ముందు వీన్ నియమం వాడండి, తర్వాత 4తో గుణించండి. జవాబు: సుమారు 290 మైక్రోమీటర్లు.)