స్విచ్ కొత్తదే.. నెట్‌వర్క్ ఎందుకు ఆగుతోంది? కేబుల్, మాడ్యూల్, యూపీఎస్ కొనే ముందు చూసుకోవాల్సినవి

ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో తిల్దా-నేవరా స్టేషన్ వస్తుంది. రైస్ మిల్లుల పట్టణం ఇది. నవంబరు మధ్యలో ప్రభుత్వ ధాన్యం సేకరణ మొదలైతే మిల్లులకు ఊపిరి సలపదు. వేబ్రిడ్జి దగ్గరి కంప్యూటర్, గేటు కెమెరా, ఆఫీసు బిల్లింగ్ అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద నడిచే మిల్లులో అది అరగంట ఆగినా బయట లారీల వరుస పెరిగిపోతుంది.

అప్పుడు అందరి కోపం స్విచ్ మీదే. పాతది తీసి, ఖరీదైన కొత్తది పెడతారు. పది రోజులకు మళ్లీ అదే సమస్య. కారణం చాలాసార్లు స్విచ్‌లో ఉండదు. దానికి తగిలించిన కేబుల్, మాడ్యూల్, అడాప్టర్, ఎర్తింగ్‌లలో ఉంటుంది. దుమ్ము, ఎండ, పిడుగులు, కరెంటు కోతలు ఉన్న చోట ఈ చిన్న సామాన్ల ఎంపికే కీలకం. మిర్యాలగూడ, మండపేట మిల్లులకూ ఈ మాట వర్తిస్తుంది.

భవనాల మధ్య రాగి తీగ ఎందుకు వద్దు?

ఈథర్‌నెట్ రాగి కేబుల్ పరిమితి 100 మీటర్లు. దూరం అంతకన్నా తక్కువే కదా అని ఆఫీసు నుంచి వేబ్రిడ్జి గదికి రాగి కేబుల్ లాగేస్తుంటారు. అసలు ప్రమాదం దూరంతో కాదు. రెండు భవనాలకు వేర్వేరు ఎర్తింగ్ ఉంటుంది. దగ్గర్లో పిడుగు పడితే రెండు చోట్లా వోల్టేజీ ఒకేలా ఉండదు. ఆ తేడా రాగి తీగ గుండా పరుగెత్తి రెండు వైపులా పోర్టులను కాల్చేస్తుంది.

ఫైబర్‌లో వెళ్లేది వెలుగు. దాని గుండా కరెంటు రాదు. కాబట్టి ఒక భవనం నుంచి మరో భవనానికి ఫైబరే వేయాలి. ఎలుకల బెడద ఉందని ఉక్కు కవచం ఉన్న ఫైబర్ వేస్తే, ఆ కవచాన్ని తప్పనిసరిగా ఎర్త్ చేయాలి. రాగి కేబుల్ తప్పని చోట రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాలి. సరైన ఎర్తింగ్ లేకపోతే అదీ అలంకారమే.

ఎస్ఎఫ్‌పీ మాడ్యూల్ కొనేటప్పుడు..

ఫైబర్‌ను స్విచ్‌కు కలిపేది ఎస్ఎఫ్‌పీ అనే చిన్న మాడ్యూల్. మూడు విషయాలు కుదరాలి. ఒకటి, వేగం. రెండు చివర్లా ఒకే వేగం ఉండాలి. రెండు, ఫైబర్ రకం. సింగిల్ మోడ్‌కు వాడే 1310 నానోమీటర్ల ఎల్ఎక్స్ మాడ్యూల్ 10 కిలోమీటర్ల వరకూ పనిచేస్తుంది. మల్టీమోడ్‌కు వాడే 850 నానోమీటర్ల ఎస్ఎక్స్ మాడ్యూల్ దాదాపు అర కిలోమీటరుకే. మూడు, జత. ఒకే ఫైబర్ పోగు మీద నడిచే బైడీ మాడ్యూళ్లలో ఒక చివర 1310 పంపి 1550 అందుకునేది ఉంటే, రెండో చివర 1550 పంపి 1310 అందుకునేది ఉండాలి. ఒకే రకం రెండు కొంటే లింకు రాదు.

సిస్కో వంటి కొన్ని కంపెనీల స్విచ్‌లు వేరే కంపెనీ మాడ్యూల్‌ను అంగీకరించకపోవచ్చు. కొనే ముందు స్విచ్ మోడల్ నంబరు చెప్పి అడగండి.

పగలు పనిచేసే కెమెరా రాత్రి ఆగుతోందా?

కెమెరాలకు నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు ఇచ్చే పద్ధతి పీవోఈ. 2003 నాటి ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు, 2009 ప్రమాణం ప్రకారం 30 వాట్లు ఇవ్వగలదు. పెట్టె మీద రాసిన పోర్టు వాట్ల కన్నా మొత్తం స్విచ్ ఎన్ని వాట్లు ఇస్తుందన్నది ముఖ్యం. ఉదాహరణకు 8 కెమెరాలు, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగినప్పుడు ఒక్కోటి 10 వాట్లు తీసుకుంటే మొత్తం 80 వాట్లు. స్విచ్ సామర్థ్యం 60 వాట్లే అయితే చీకటి పడగానే కొన్ని కెమెరాలు ఆగిపోతాయి. లెక్క రాత్రి వాడకంతో వేసి, పావు వంతు అదనం ఉంచుకోవాలి.

కేబుల్ నాణ్యత కూడా చూడాలి. 305 మీటర్ల పెట్టె మరీ చౌకగా దొరికితే అది రాగి పూత వేసిన అల్యూమినియం కావచ్చు. కరెంటును మోయడంలో అల్యూమినియం రాగిలో దాదాపు 60 శాతమే. దూరపు కెమెరాకు సరిపడా వోల్టేజీ అందదు, తీగ వేడెక్కుతుంది. తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే వదిలేయండి.

దుమ్ము, ఎండ, కరెంటు కోత

తవుడు, ఊక దుమ్ము ఫ్యాన్ ఉన్న స్విచ్‌లోకి దూరి పేరుకుంటుంది. మిల్లు లోపల ఫ్యాన్ లేని స్విచ్‌ను దుమ్ము చొరబడని పెట్టెలో ఉంచడం మేలు. అయితే మూసిన పెట్టెలో వేడి నిలుస్తుంది. సాధారణ స్విచ్‌లు చాలావరకు 40 నుంచి 50 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. అందుకే కాస్త పెద్ద పెట్టె తీసుకుని, బాయిలర్ వైపు గోడకు, నేరుగా ఎండ తగిలే చోటుకు దూరంగా బిగించాలి. వాడని ఫైబర్ పోర్టులకు, కనెక్టర్లకు మూతలు తీయకూడదు.

రౌటర్లకు పెట్టే 12 వోల్టుల చిన్న యూపీఎస్ పీవోఈ స్విచ్‌కు సరిపోదు. దానికి సాధారణంగా 48 వోల్టులకు పైగా కావాలి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ స్విచ్ ఆగి మళ్లీ మొదలవుతుంది.

డబ్బు తక్కువగా ఉంటే ముందు ఎర్తింగ్, తర్వాత భవనాల మధ్య ఫైబర్, ఆపై మంచి రాగి కేబుల్, యూపీఎస్. స్విచ్ మార్చడం గురించి వీటి తర్వాతే ఆలోచించాలి. ఒక అదనపు మాడ్యూల్ జత, ఒక అడాప్టర్, నాలుగు ప్యాచ్ కార్డులు బీరువాలో ఉంచుకుంటే సీజన్ మధ్యలో సామాను కోసం రాయ్‌పూర్ పరుగెత్తాల్సిన పని ఉండదు.