హబ్‌కు విడి కరెంటు.. హార్డ్‌డిస్కుకు భద్రత

యూపీఎస్‌కు కలపకుంటే ప్రయోజనం సగమే
కొనేముందు అడాప్టర్ మీది అంకెలు చూడాలి

ఖానాపురం హవేలి: మున్నేరు పొంగి 2024 సెప్టెంబరు 1న ఖమ్మం నగరంలోని లోతట్టు కాలనీలను ముంచెత్తినప్పుడు ఇంటి సామగ్రితో పాటు బీరువాల్లోని చదువుల ధ్రువపత్రాలు, పాసుపుస్తకాలు, పెళ్లి ఆల్బమ్‌లు కూడా నీటిపాలయ్యాయి. అటువంటి కాగితాలను స్కాన్ చేసి కంప్యూటర్‌లోనూ, విడిగా ఉండే హార్డ్‌డిస్కులోనూ దాచుకోవడం వివేకమైన పనే. అయితే ఆ హార్డ్‌డిస్కును దేనికి తగిలించారన్నది చాలా ఇళ్లలో పట్టించుకోని విషయం. కీబోర్డు, మౌస్, వెబ్‌క్యామ్, వేలిముద్రల యంత్రం ఉన్న చిన్న ప్లాస్టిక్ హబ్‌కే దానిని కూడా గుచ్చితే, నకలు ఎక్కుతున్న సమయంలోనే డిస్కు ఆగిపోయి ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. వరదకు దొరకని కాగితం చాలీచాలని కరెంటుకు దొరికిపోతుందన్నమాట.

ఒకప్పుడు ఖమ్మం శివారు గ్రామమై, 2012లో నగరపాలక సంస్థ ఏర్పాటుతో నగరంలో కలిసిన ఖానాపురం హవేలిలో ఇంటి కంప్యూటర్ ఇప్పుడు విశేషమేమీ కాదు. పిల్లల చదువులు, దరఖాస్తులు, చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు, పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాలు అన్నీ దాని మీదే సాగుతున్నాయి. పని పెరిగిన కొద్దీ తగిలించే పరికరాలూ పెరిగాయి. కంప్యూటర్‌కు ఉన్న పోర్టులు మాత్రం పెరగవు. అందుకే హబ్ అవసరమవుతోంది. దుకాణంలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి కేవలం తీగతో కంప్యూటర్‌కు గుచ్చేది. రెండోది గోడ ప్లగ్గు నుంచి అడాప్టర్ ద్వారా సొంతంగా విద్యుత్తు తీసుకునేది. ధరలో తేడా చూసి మొదటిదే కొనేవారు ఎక్కువ. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒకే గొట్టం.. నాలుగు కొళాయిలు

యూఎస్‌బీ విధానం తొలి ప్రమాణం 1996లో వెలువడింది. దానికి రూపమిచ్చిన ఇంటెల్ సంస్థ బృందానికి నాయకత్వం వహించిన అజయ్ భట్ మన దేశంలో పుట్టినవారే. వడోదరలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లిన ఇంజినీరు. ఒకే తీగలో సమాచారాన్నీ, విద్యుత్తునూ కలిపి పంపడం ఈ విధానంలోని సౌకర్యం. ఇబ్బంది కూడా ఆ సౌకర్యంలోనే ఉంది.

నియమం ప్రకారం ఒక కంప్యూటర్ పోర్టు నుంచి హబ్‌ల మీద హబ్‌లు వేసి 127 పరికరాల వరకు కలపవచ్చు. ఇది సమాచారం వరకే. విద్యుత్తు లెక్క వేరు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల వద్ద గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. 2008లో వచ్చిన 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. లోపల నీలిరంగు ప్లాస్టిక్ ఉంటే సాధారణంగా అది 3.0 పోర్టు.

అడాప్టర్ లేని హబ్ ఈ 500 నుంచే బతకాలి. అందులో 100 తన అవసరానికి ఉంచుకుని, మిగిలిన 400ను నాలుగు పోర్టులకు తలా 100 చొప్పున పంచాలన్నది ప్రమాణం చెప్పే లెక్క. మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే సన్నని గొట్టానికి నాలుగు కొళాయిలు బిగించినట్టే ఇది. కొళాయిలు పెరిగాయని నీరు పెరగదు. కీబోర్డుకూ, మౌస్‌కూ 100 మిల్లీ ఆంపియర్లు సరిపోతాయి. డిజిటల్ సంతకం టోకెన్‌తోనూ ఇబ్బంది ఉండదు. వెబ్‌క్యామ్ వచ్చేసరికి బిగువు మొదలవుతుంది. జేబులో పట్టే హార్డ్‌డిస్కు లోపలి పళ్లెం తిరగడం ఆరంభించే క్షణంలో 500 దాటి అడగడం కూడా కద్దు. తీగతో కలిపే డీవీడీ రైటర్‌దీ అదే ఆకలి. పాత హార్డ్‌డిస్కుల తీగలకు ఒక కొసన రెండు ప్లగ్గులు ఉండేది ఇందుకే. ఒక పోర్టు ఇచ్చే విద్యుత్తు చాలక రెండో పోర్టు నుంచి కూడా లాగేవి.

ప్రింటర్ విషయంలో మాత్రం అనవసరమైన భయం ఉంది. దానికి సొంత పవర్ తీగ ఉంటుంది. యూఎస్‌బీ నుంచి అది తీసుకునేది దాదాపు ఏమీ లేదు. ప్రింటర్ కలిపేందుకు మాత్రమే హబ్ కావాలనుకుంటే మామూలు హబ్ చాలు. అనవసరంగా ఖర్చు పెట్టనక్కర్లేదు.

వేలిముద్ర పడకుంటే..

విద్యుత్తు చాలని హబ్ ఒక్కసారిగా చేతులెత్తేయదు. పరికరం ఒకసారి కనిపించి మరోసారి మాయమవుతుంది. కంప్యూటర్ నుంచి తగిలించిన శబ్దం, తీసేసిన శబ్దం మార్చి మార్చి వినిపిస్తాయి. పరికరాన్ని గుర్తించలేకపోతున్నామనో, పోర్టుపై విద్యుత్తు భారం పెరిగిందనో హెచ్చరిక తెరపైకి వస్తుంది. హార్డ్‌డిస్కు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చి మళ్లీ మొదటి నుంచి తిరగడానికి ప్రయత్నిస్తుంది. ఈ చప్పుడు వస్తే డిస్కు పాడైందని వెంటనే నిర్ధారించుకోరాదు. ముందు దానిని హబ్ నుంచి తీసి కంప్యూటర్ వెనుక పోర్టుకు నేరుగా కలిపి చూడాలి. అక్కడ సవ్యంగా తిరిగితే లోపం హబ్ దగ్గర ఉన్నట్టు. నేరుగా కలిపినా చప్పుడు ఆగకుంటే డిస్కునే అనుమానించాలి.

వేలిముద్రల యంత్రంతో వచ్చే చిక్కు పింఛనుదారులను ఎక్కువగా కలవరపెడుతుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో, 80 ఏళ్లు నిండినవారైతే అక్టోబరు నుంచే జీవన ప్రమాణ పత్రం ఇవ్వవచ్చు. వేలు పెట్టిన ప్రతిసారీ యంత్రం నిరాకరిస్తే పెద్దవారు తమ వేళ్లు అరిగిపోయాయనే అనుకుంటారు. వయసు మీరినవారికీ, పొలం పనులు చేసినవారికీ ఆ మాట కొంత నిజమే. కానీ రెండింటి మధ్య తేడా కనిపెట్టవచ్చు. యంత్రంలో దీపం నిలకడగా వెలుగుతూ, వేలిముద్ర సరిపోలలేదని సమాధానం వస్తే సమస్య వేలిది. దీపం ఆరి వెలుగుతున్నా, యంత్రమే దొరకలేదని తెరపై వచ్చినా ముందుగా చూడవలసింది హబ్‌ను, తీగను. యంత్రాన్ని నేరుగా కంప్యూటర్‌కు గుచ్చి మరోమారు ప్రయత్నించడానికి ఒక్క నిమిషం చాలు. అప్పటికీ కాకుంటే, 2021 నవంబరు నుంచి అందుబాటులోకి వచ్చిన ముఖ గుర్తింపు పద్ధతిలో స్మార్ట్‌ఫోన్ ద్వారానే పత్రం సమర్పించవచ్చు.

పోర్టులు కాదు.. ఆంపియర్లు లెక్కపెట్టాలి

హబ్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది పోర్టుల సంఖ్య. చూడవలసింది అడాప్టర్ మీద చిన్న అక్షరాలతో ఉండే అవుట్‌పుట్ అంకెలను. లెక్క కష్టమేమీ కాదు. 3.0 రకం పోర్టులు నాలుగు ఉంటే, ఒక్కొక్కదానికి 900 చొప్పున 3,600 మిల్లీ ఆంపియర్లు, అంటే 3.6 ఆంపియర్లు కావాలి. 5 వోల్టులు, 4 ఆంపియర్ల అడాప్టర్ ఉంటే నాలుగింటికీ నిండుగా అందుతుంది. ఏడు పోర్టులైతే 6.3 ఆంపియర్లు, అంటే సుమారు 31.5 వాట్లు. అందుకే పెద్ద హబ్‌లకు 12 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చి, లోపల దానిని 5 వోల్టులకు తగ్గిస్తారు. 12ను 3తో గుణిస్తే 36 వాట్లు కనుక లెక్క సరిపోతుంది. ఏడు పోర్టుల హబ్‌కు 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఇస్తే వచ్చేది 10 వాట్లే. దానిపై రెండు హార్డ్‌డిస్కులు పెట్టుకోవచ్చు. మిగిలిన పోర్టులు కీబోర్డు, మౌస్ వంటి వాటికే పనికొస్తాయి. అది మోసమని అనలేం గానీ, తెలిసి కొనుక్కోవాలి.

కొన్ని హబ్‌లకు అడాప్టర్ గుచ్చే రంధ్రం ఉంటుంది, డబ్బాలో అడాప్టర్ మాత్రం ఉండదు. దుకాణంలోనే విప్పి చూసుకోవడం మేలు. అడాప్టర్‌పై బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, దానితో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉండాలి. కంప్యూటర్ పరికరాల అడాప్టర్లకు ఈ రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ కేంద్రం 2014లో ఉత్తర్వు ఇచ్చింది.

అడాప్టర్ పోతే ఇంట్లో ఉన్న మరొకటి గుచ్చడం మనవారి అలవాటు. సెట్‌టాప్ బాక్స్‌దో, ఇంటర్నెట్ రూటర్‌దో పిన్ను సరిగ్గా అందులో దూరుతుంది. దూరినంత మాత్రాన అది దానిది కాదు. ఆ అడాప్టర్లలో 12 వోల్టులవి సర్వసాధారణం. 5 వోల్టుల హబ్‌కు 12 వోల్టులు తగిలితే హబ్‌తో పాటు దానికి కలిపిన డిస్కు కూడా మాడిపోవచ్చు. వోల్టులు కచ్చితంగా ఒకటే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువ ఉండరాదు. పిన్ను లోపలి భాగం ధనమా, రుణమా అన్నది కూడా రెండింటిపై ఉన్న బొమ్మల్లో ఒకేలా ఉండాలి. కొన్న రోజే అడాప్టర్ మీద కాగితం అంటించి ‘హబ్’ అని రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

కరెంటు పోయినప్పుడే అసలు పరీక్ష

మంచి హబ్ కొని కూడా నష్టపోయే చోటు ఇది. కంప్యూటర్, మానిటర్ యూపీఎస్‌కు కలిపి ఉంటాయి. హబ్ అడాప్టర్ మాత్రం బల్ల పక్కన గోడ బోర్డుకు ఉంటుంది. సరఫరా పోగానే కంప్యూటర్ యూపీఎస్‌పై నడుస్తూనే ఉంటుంది. హబ్‌కు మాత్రం విద్యుత్తు ఆగిపోతుంది. కొన్ని హబ్‌లు ఆ క్షణంలో కంప్యూటర్ పోర్టు నుంచే లాగడానికి ప్రయత్నిస్తాయి. అక్కడ దొరికే 500 లేదా 900తో హార్డ్‌డిస్కు, వెబ్‌క్యామ్ కలిసి నడవలేవు. ఫలితంగా రాస్తున్న ఫైలు మధ్యలోనే డిస్కు ఊడిపోతుంది. ల్యాప్‌టాప్ వాడేవారికీ ఇదే పరిస్థితి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, హబ్‌కు లేదు.

ఖమ్మంలో వేసవి గాలిదుమారానికి సరఫరా పోయి వస్తుండటం తెలిసిందే. భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం మండలాల అటవీ పల్లెల్లో గాలివానకు చెట్లు తీగలపై పడితే ఆ నిరీక్షణ ఇంకా ఎక్కువ. అటువంటి చోట హబ్ అడాప్టర్‌ను యూపీఎస్ సాకెట్‌కే కలపాలి. 20 వాట్ల భారం యూపీఎస్‌కు లెక్కలోనిది కాదు. సాకెట్ ఖాళీ లేకుంటే అందులో ఉన్న ప్రింటర్ తీగను తీసి గోడ బోర్డుకు మార్చాలి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌పై పెట్టడం ఎలాగూ తగదు. వేడెక్కేటప్పుడు అది లాగే విద్యుత్తుకు ఇంటి యూపీఎస్ తట్టుకోదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో దానిపై ‘యూపీఎస్’ అనే మీట ఉంటే దానిని ఆ స్థానంలోనే ఉంచాలి. రెండో స్థానంలో సరఫరా మారేందుకు పట్టే వ్యవధి ఎక్కువై కంప్యూటరే ఆగి మొదలయ్యే అవకాశం ఉంది. ఉరుములు, మెరుపులు మొదలైతే మాత్రం ఏ లెక్కలూ వద్దు. పని ముగించి అన్ని ప్లగ్గులూ తీసేయాలి.

నాసిరకం హబ్‌లలో మరో లోపం ఉంటుంది. అడాప్టర్ నుంచి వచ్చిన విద్యుత్తు కంప్యూటర్ వైపు ఎదురు ప్రవహిస్తుంది. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. కంప్యూటర్‌ను ఆపి, దాని పవర్ తీగ కూడా తీసేసి, హబ్ అడాప్టర్‌ను మాత్రమే వెలిగించాలి. అప్పుడు క్యాబినెట్‌పై దీపం వెలిగినా, ఫ్యాను కదిలినా ఆ హబ్‌ను దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి. మదర్‌బోర్డు కన్నా హబ్ ఖరీదైనది కాదు.

హబ్‌ను క్యాబినెట్ వెనుక పోర్టుకు కలపాలి. ముందువైపు పోర్టులకు లోపల మరో తీగ ఉంటుంది కనుక అక్కడ బలహీనత ఎక్కువ. తీగ పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ హబ్ పేరుపై ‘పవర్ మేనేజ్‌మెంట్’ చోట ఉండే టిక్కును తీసేస్తే కంప్యూటర్ ఆదా పేరుతో హబ్‌ను నిద్రపుచ్చదు. వైర్‌లెస్ మౌస్ రిసీవర్‌ను 3.0 హార్డ్‌డిస్కు పక్క పోర్టులో పెడితే మౌస్ తడబడవచ్చు. డిస్కు తీగ నుంచి వెలువడే రేడియో అలజడి మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోకి వస్తుంది. రిసీవర్‌ను దూరపు పోర్టుకు మారిస్తే సరి. ఇక అడాప్టర్ ఉన్న హబ్ వేగాన్ని పెంచుతుందని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. 2.0 హబ్ అయితే సెకనుకు 480 మెగాబిట్లనే పరికరాలన్నీ పంచుకుంటాయి. విద్యుత్తు పెరుగుతుంది, దారి వెడల్పు కాదు.

ఇప్పటికే ఒకసారి మధ్యలో ఆగిపోయిన డిస్కును మళ్లీ కలిపినప్పుడు ‘ఫార్మాట్ చేయాలా’ అని కంప్యూటర్ అడిగితే అంగీకరించరాదు. ఒప్పుకుంటే ఉన్న ఫైళ్లు కూడా చేజారుతాయి. డిస్కును హబ్ నుంచి తీసి వెనుక పోర్టుకు నేరుగా కలిపి, తెరుచుకున్నంత మేర ముందు మరో చోటికి నకలు తీసుకోవాలి. డిస్కును సరిచేసే పరీక్షలు ఆ తరువాతే చేయించాలి.