'క్యాబ్' – ఒక మాట, పలు పుట్టుకలు

సెల్‌ఫోనులో పిలిచినంతనే ఇంటి ముంగిట నిలుచు అద్దె కారును నేడు మనము 'క్యాబ్' అనుచున్నాము. చదువురాని వారికి సైతము సుపరిచితమైన ఈ చిన్న మాట ఎక్కడ పుట్టినది, ఏ త్రోవన మన వాకిట చేరినది అని విచారించువారు అరుదు. విద్యార్థుల నిమిత్తము ఆ చరిత్రను ఇచట సంగ్రహముగా వివరింపదలచితిమి.

ఆంగ్లమున 'క్యాబ్' అనునది 'కాబ్రియోలే' అను ఫ్రెంచి పదమునకు కుదింపు. ఒక్క గుఱ్ఱము లాగెడు రెండు చక్రముల తేలిక బండికి ఫ్రెంచివారు పెట్టిన పేరది. 'కాబ్రియోల్' అనగా గంతు. ఆ పదమునకు మూలము ఇటాలియను భాషలోని 'కాప్రియోలా'. దానికిని మూలము లాటినులో మేకకు పేరైన 'కాపెర్'. బండి బరువు తక్కువ, కుదుపు ఎక్కువ. బాటపై మేకవలె ఎగిరెగిరి పడునది కనుక ఆ పేరు దానికి అతికినది. 1820ల దశకమున ఇట్టి బండ్లు లండను వీధులలో అద్దెకు తిరుగసాగినవి. నిత్యము పిలువవలసిన పేరు పొడవుగా నుండుటచే జనుల నోట అది 'క్యాబ్' అయినది. 1834లో జోసెఫ్ హాన్సమ్ అను వాస్తుశిల్పి కొత్త తీరు బండికి పేటెంటు పొందగా, అతని పేరిట 'హాన్సమ్ క్యాబ్' ప్రసిద్ధి కెక్కినది.

పిమ్మట మోటారు వచ్చినది. ప్రయాణపు రుసుమును లెక్కకట్టు యంత్రము 'టాక్సీమీటరు'. ఇందులో 'టాక్సీ' అను భాగము పన్ను, రుసుము అను అర్థముగల 'టాక్సా' అను లాటిను పదము నుండి వచ్చినది. ఆ యంత్రమును అమర్చిన బండి 1907 ప్రాంతమున 'టాక్సీక్యాబ్' అయినది. కాలక్రమమున అది రెండుగా విడిపోయి, కొందరి నోట 'టాక్సీ'గాను, కొందరి నోట 'క్యాబ్'గాను నిలిచినది. గుఱ్ఱము పోయినను మేక గంతు మాత్రము పేరులో మిగిలియున్నది! రైలు ఇంజనులో డ్రైవరు నిలుచు చోటును 'క్యాబ్' అనుట కూడ ఈ మాటకు కలిగిన అర్థవిస్తరణమే.

అయితే ధ్వని ఒకటైనంత మాత్రమున వంశము ఒకటి కానేరదు. 'క్యాబిన్' అను మాట గుడిసెకు పేరైన 'కపన్నా' అను లాటిను పదము నుండి పుట్టినది. మంత్రివర్గమును తెలుపు 'క్యాబినెట్' ఆ కుటుంబములోనిదే. బైబిలు పాత నిబంధన ఆంగ్లానువాదములో, రాజులు రెండవ గ్రంథమున, సమరియ ముట్టడి నాటి కరవును వర్ణించుచోట మరియొక 'క్యాబ్' కనిపించును. అది లీటరుకు కొంచెము మించిన హీబ్రూ కొలత. ఇక మన ఉర్దూలో 'కబ్' అనగా 'ఎప్పుడు'. ఈ మూడింటికిని అద్దె బండితో చుట్టరికము లేదు. చెవికి వినబడిన పోలికను పట్టుకొని వ్యుత్పత్తి కల్పించుట ప్రమాదకరమని ఇందువలన తేలుచున్నది. పదము నడచివచ్చిన త్రోవ తెలిసిన గాని దాని పుట్టుకను నిర్ణయింపరాదు.

మన ఊళ్లలోను ఒకప్పుడు ఒంటి గుఱ్ఱపు అద్దె బండి యుండెడిది. అదే జట్కా. దక్కనీ ఉర్దూలో 'ఝట్కా' అనగా కుదుపు. పారిస్ వారు గంతును చూచి పేరు పెట్టగా మనవారు కుదుపును చూచి పేరు పెట్టిరి! ఎవరి మాటను ఎవరును అనుకరింపలేదు. ఒకే అనుభవము రెండు దేశములలో రెండు పేర్లకు జన్మనిచ్చినది. ఉర్దూ నోట పుట్టిన ఆ మాటను తెలుగువారు పరాయిదని త్రోసివేయక 'జట్కాబండి' అని కలుపుకొని తమ దానినిగా చేసికొనిరి. 'ఇది మీ మాట, ఇది మా మాట' అని నేడు గిరిగీయువారు ఈ సంగతిని గమనింపవలెను.

జట్కాలు మన వీధులనుండి దాదాపు కనుమరుగైనవి. వాటిని తోలినవారు, ఎక్కినవారు ఇంకను కొందరు మన ఇండ్లలో ఉన్నారు. వారు వాడిన మాటలను అడిగి వ్రాసికొనుడని ఉభయ భాషల విద్యార్థులను కోరుచున్నాము. అవి ఏ నిఘంటువునకును ఎక్కకమునుపే మరుగునపడు ప్రమాదమున్నది.