నాటకానికి దొర టోపీ తయారు చేయడం ఎలా?



ఈసారి పంద్రాగస్టుకి మన హాస్టల్ పిల్లలం మన్యం పోరాటం నాటకం వేస్తున్నాం కదా. విల్లు, బాణాలు ఇళ్ళ దగ్గర నుంచి తెచ్చుకున్నాం. తెల్లదొరల టోపీలే లేవు. అద్దెకి తేవాలంటే డబ్బులు కావాలి. పాత పేపర్లు, గంజి, కొంచెం మైదాపిండి ఉంటే మనమే చేసుకోవచ్చు. ఎలాగో రాస్తున్నాను, చదవండి.

టోపీ ఎందుకు అంత ముఖ్యం?

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, మనవాళ్ళు దాడి చేశారు. మొత్తం 26 తుపాకులు పట్టుకుపోయారు. వాళ్ళని పట్టుకోడానికి వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆఫీసర్లు సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో చనిపోయారు. ముందు నడిచిన మన దేశపు పోలీసులను పోనిచ్చి, తెల్ల ఆఫీసర్లనే గురి చూసి కొట్టారు. మన నాటకంలో ఇదే పెద్ద సీను.

మరి చివరి వరసలో కూర్చున్న మూడో తరగతి పాపకి ఎవరు దొరో, ఎవరు కానిస్టేబులో ఎలా తెలుస్తాది? మొహానికి పౌడరు రాసుకుంటే తెల్లవాళ్ళం అయిపోం. టోపీ ఉంటే మాత్రం దూరం నుంచే తెలిసిపోతాది. కానిస్టేబుల్ వేషాలకి తలగుడ్డ చాలు.

అసలు టోపీ దేనితో చేసేవారు?

ఆ రోజుల్లో మన దేశంలో ఉన్న దొరలు పెట్టుకున్నది సోలా టోపీ. చూడ్డానికి ఇనుప టోపీలాగా గట్టిగా కనిపిస్తాది గానీ అది బెండుతో చేసింది. గాలానికి బెండు కడతాం చూడండి, అలాంటి తేలికైన బెండే. అది జీలుగు మొక్క బెండు. జీలుగు అంటే మన జీలుగు కల్లు చెట్టు కాదు. ఇది నీళ్ళు నిలిచే చోట, చెరువుల్లో పెరిగే వేరే మొక్క. పైతోలు తీసేస్తే లోపల తెల్లగా, మెత్తగా ఉంటాది. దాన్ని పల్చని రేకుల్లా కోసి, అచ్చు మీద ఒకదాని మీద ఒకటి అంటించి, పైన గుడ్డ కుట్టేవారు. బెంగాల్లో పెళ్ళికొడుకు పెట్టుకునే టోపీ కూడా ఈ బెండుతోనే చేస్తారు.

బెండు లోపల గాలి ఉంటాది కాబట్టి ఎండ వేడి తలకి తగలదు. అంతేగానీ ఆ టోపీ తూటాను ఆపలేదు. పెద్ద వానకి నాని మెత్తబడిపోతాది కూడా. ఆ టోపీ చూసి జనం భయపడ్డారంటే టోపీ గట్టిదని కాదు, దాని వెనక ఉన్న ప్రభుత్వానికి భయపడ్డారు. 1882 అడవి చట్టం వచ్చాక పోడు కొట్టుకోనివ్వలేదు. రోడ్డుపని చేయించి కూలి సరిగా ఇవ్వలేదు.

మనం కూడా అదే పద్ధతిలో చేస్తాం. బెండు రేకులకి బదులు పేపరు ముక్కలు పెడతాం.

కావలసినవి

పాత న్యూస్ పేపర్లు, పాత నోటుబుక్కు కాగితాలు, చిన్న కుండ, పాలితిన్ కవరు, మైదా ఒక గ్లాసు లేక చిక్కటి గంజి, అట్టపెట్టె, పాత తెల్లగుడ్డ, టీపొడి, సీసా మూత, సూది దారం, రిబ్బను.

చేసే విధానం

1. వేషం వేసే అమ్మాయి తల చుట్టూ, చెవులకి పైగా, దారంతో కొలవాలి. జడలు ఎలా వేసుకుంటుందో అలాగే వేసి కొలవాలి. కొలత 54 సెం.మీ. ఉంటే 56 సెం.మీ. చుట్టుకొలత ఉన్న కుండ చూసుకోవాలి. కుండ బోర్లించి పాలితిన్ కవరు చుట్టాలి. లేకపోతే టోపీ కుండకే అంటుకుపోతాది.

2. మైదాని ముందు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, తరవాత ఇంకో నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి పొయ్యి మీద తిప్పుతూ ఉడికించాలి. బూజు పట్టకుండా ఒక చెంచా ఉప్పు వెయ్యాలి. మైదా లేకపోతే వంట అక్కని అడిగి గంజి తీసుకుని చిక్కగా మరగబెట్టాలి. గంజికి పట్టు తక్కువ, అందుకని రెండు పొరలు ఎక్కువ వెయ్యాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, మనకి వద్దు.

3. పేపరుని రెండు వేళ్ళ వెడల్పు ముక్కలుగా చేత్తోనే చింపాలి. కత్తిరిస్తే అంచులు తేలి కనబడతాయి, చింపితే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా అంటించాలి. ఒక పొర న్యూస్ పేపరు, ఒక పొర తెల్లకాగితం వేస్తే ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తాది. నాలుగు పొరలు వేసి ఆరబెట్టి, మళ్ళీ నాలుగు వెయ్యాలి.

4. ఇది వానాకాలం. రెండు మూడు రోజులైనా ఆరాలి. వంటగదిలో పొయ్యికి దూరంగా, వెచ్చగా ఉన్నచోట పెట్టాలి. వేలితో కొడితే టకటక అనాలి. అప్పుడు కుండ నుంచి తీసి అంచు సమానంగా కత్తిరించాలి.

5. అట్ట మీద టోపీ పెట్టి చుట్టూ గీత గియ్యాలి. ఆ గీత నుంచి బయటికి పక్కల 6 సెం.మీ., ముందు 7, వెనక 9 వదిలి ఇంకో గీత గీసి కత్తిరించాలి. లోపలి వైపు గీతకన్నా 2 సెం.మీ. లోపలికి కత్తిరించి, గీత వరకూ గాట్లు పెట్టాలి. వెనక ఒకచోట కోసి, రెండు కొసలూ కొంచెం ఒకదాని మీద ఒకటి వేసి కుట్టాలి. అప్పుడు అంచు చూరులాగ కిందకి వాలుతాది. గాట్లు పైకి మడిచి టోపీ లోపల అంటించి, అతుకు మీద మూడు పొరల పేపరు వెయ్యాలి.

6. తెల్లగుడ్డని టీ డికాక్షన్‌లో మరగబెడితే ఖాకీ రంగుకి దగ్గరగా వస్తాది. ఆరాక టోపీ మీద సాగదీసి అంటించాలి. అతుకు కనబడకుండా అదే గుడ్డని మడతలు పెట్టి పట్టీలా చుట్టాలి. నడినెత్తిన చిన్న బెజ్జం చేసి దాని మీద కొంచెం ఎత్తుగా సీసా మూత పెట్టాలి. నిజం టోపీకి కూడా గాలి ఆడటానికి అలాగే ఉంటాది. గడ్డం కింద రిబ్బను, లోపల మెత్తటి గుడ్డ పట్టీ కుట్టాలి.

ఇంకొక ముఖ్యమైన మాట

దొర టోపీ సరిగ్గా ఉండాలని ఇన్ని కొలతలు తీస్తున్నాం. మరి మన గంటందొర, మల్లుదొర వేషాల మాటేమిటి? ఒకచోట జరిగిన పోటీలో మన్యం వాళ్ళ వేషం అని ఆకులు కట్టి, తలకి ఈకలు పెట్టి, మొహానికి మసి పూసి గెంతించారు. ఆ ఫొటో మా నాయనమ్మకి చూపిస్తే, "మనవాళ్ళు గుడ్డ కట్టుకోరేటే?" అని అడిగింది. నాయనమ్మ చదువుకోలేదు. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

గంటందొర బట్టిపనుకుల ముఠాదారు. ఆయన తమ్ముడు మల్లుదొర జైలుశిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. అలాంటివాళ్ళకి మనం ఆకులు కట్టకూడదు. పంచె, తలపాగా, భుజాన కంబళి ఇవి మన ఇళ్ళలోనే ఉన్నాయి. తలపాగా ఎలా చుట్టాలో సెలవుకి వెళ్ళినప్పుడు తాతలని అడిగి నేర్చుకుని రండి. దొర టోపీకి ఎనిమిది పొరలు వేసే ఓపిక ఉన్నప్పుడు దీనికీ ఓపిక ఉండాలి. వార్డెన్ మేడమ్ గారు కూడా వేషాలు చూసేటప్పుడు ఇది గమనించాలని కోరుతున్నాను.

ఆదివారం భోజనాలయ్యాక వరండాలో పని మొదలుపెడతాం. రెండు టోపీలు కావాలి. పాత పేపర్లు ఉన్నవాళ్ళు తీసుకురండి. పేపరు చింపడం చిన్నపిల్లలకి కూడా వస్తాది, అందరూ రావచ్చు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని