కిచెన్ మిక్సర్ ట్యాప్ నుంచి చుక్కలు పడుతున్నాయా? కొత్తది కొనే ముందు ఇలా చూడండి

ఈరోజు వంటింట్లోనే మాట్లాడుకుందాం. సింక్ దగ్గర మిక్సర్ ట్యాప్ గట్టిగా కట్టేసినా టప్ టప్‌మని చుక్కలు పడుతూనే ఉంటాయి. చుక్కే కదా అని వదిలేస్తాం. ఒక పని చేయండి. కింద గ్లాసు పెట్టి పది నిమిషాలు ఆగండి. 100 మిల్లీలీటర్లు పడ్డాయనుకోండి, గంటకి 600, రోజుకి 14 లీటర్ల పైనే. దగ్గర దగ్గర ఒక బిందె! విజయవాడలో కృష్ణ పక్కనే ఉంది కాబట్టి మనకి పట్టదు. నాగాయలంక, కోడూరు వైపు చాలా చోట్ల బోరు వేస్తే ఉప్పు నీళ్ళే. వేసవిలో కాలవలు కట్టేస్తే, ముందే నింపుకున్న మంచినీళ్ళ చెరువే దిక్కు. అక్కడివాళ్ళకి బిందె నీళ్ళ విలువ నేను చెప్పక్కర్లేదు.

ముందు అది నిజంగా లీకేజీయేనా చూడండి. కట్టాక రెండు నిమిషాలు పడి ఆగిపోతే, అది వంపు గొట్టంలో మిగిలిన నీరే. దానికి రిపేరు అక్కర్లేదు. గంట తర్వాత కూడా పడుతుంటే లోపల సరిగ్గా మూసుకోవట్లేదన్నమాట. గొట్టం చివర కాకుండా, అది అటూ ఇటూ తిరిగే మొదట్లో చెమ్మ వస్తుంటే ఓ-రింగ్ పోయినట్టు.

ఇప్పుడు నీళ్ళు ఆపడం. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మొదటిసారి విప్పినప్పుడు సింక్ కింద యాంగిల్ కాక్ తిప్పి, ఆగిందనుకున్నాను. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని కాక్ అది, పూర్తిగా కట్టుకోలేదు. నట్టు వదులవగానే నీళ్ళు పైకి చిమ్మి పోపుల డబ్బాతో సహా తడిపేశాయి. మా ఆవిడ గుడ్డ అదిమి పట్టుకుంటే, నేను ఐదంతస్తులు ఎక్కి టెర్రస్ మీద గేట్ వాల్వ్ వెతికాను. ఏ వాల్వ్ ఏ ఫ్లాట్‌దో రాసి ఉంటేగా! అందుకే కాక్‌లు కట్టాక ట్యాప్ తెరిచి, లివర్ రెండు వైపులా తిప్పి చూడండి. నీళ్ళు పూర్తిగా ఆగేదాకా పానా పట్టుకోవద్దు. గోడకి బిగించిన మిక్సర్‌కి యాంగిల్ కాక్‌లు ఉండవు, వాటికి పైన వాల్వే కట్టాలి. గీజర్ లైను ఉంటే స్విచ్ కూడా ఆపండి.

సింక్ కన్నంలో గుడ్డ కుక్కండి, స్క్రూ పడితే మళ్ళీ దొరకదు. సింగిల్ లివర్ అయితే ఎరుపు, నీలం రంగులున్న చిన్న మూత ఉంటుంది. దాన్ని పిన్నుతో లేపితే లోపల స్క్రూ కనిపిస్తుంది. చాలావాటికి అలెన్ కీ కావాలి. లివర్ పైకి లాగి, గుండ్రటి కవర్ చేత్తో తిప్పి తీసి, కింద నట్టు విప్పితే కార్ట్రిడ్జ్ బయటికొస్తుంది. దీంట్లో రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదానిమీద ఒకటి జరుగుతుంటాయి. కన్నాలు ఎదురుపడితే నీళ్ళొస్తాయి, తప్పుకుంటే ఆగుతాయి. మధ్యలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చుక్కే. బోరు నీళ్ళ ఇళ్ళలో అయితే తెల్లటి సున్నం పేరుకుంటుంది.

కాబట్టి కొత్తది కొనే ముందు కార్ట్రిడ్జ్ కూర్చునే చోటు, దాని అడుగున రబ్బర్లు శుభ్రంగా తుడవండి. సున్నం ఉంటే వెనిగర్ నీళ్ళల్లో అరగంట పెట్టి కడగండి. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం వద్దు, మెరుపు పూత ఊడిపోతుంది. చింతపండు ఇత్తడి బిందెకి భేషుగ్గా పనిచేస్తుంది కానీ ఇక్కడ పిప్పి ఇరుక్కుంటుంది. రబ్బరుకి వాజలీన్ రాయకండి, ఉబ్బిపోతుంది. రాస్తే సిలికాన్ గ్రీజే.

అయినా ఆగకపోతే కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే. ఎక్కువగా 35 లేదా 40 మిల్లీమీటర్ల సైజులుంటాయి, కానీ అడుగున పిన్నులు, ఎత్తు కూడా కలవాలి. ఫొటో చూపిస్తే లాభం లేదు. వన్ టౌన్‌కి వెళ్ళినా, వీధి చివర శానిటరీ షాపుకి వెళ్ళినా పాతది చేత్తో పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూడండి.

రెండు పిడులదైతే ఒక్కో వైపు నీళ్ళు కట్టి చూస్తే ఏది కారుతోందో తెలిసిపోతుంది. నాలుగైదు చుట్లు తిరిగేదైతే వాషర్ మారిస్తే చాలు. పావు చుట్టుకే ఆగేదాంట్లో స్పిండిల్ మొత్తం మార్చాలి. వేడి వైపుది, చల్ల వైపుది తిరిగే దిశ వేరుగా ఉండొచ్చు, షాపులో ఏ వైపుదో చెప్పండి.

బిగించేటప్పుడు కార్ట్రిడ్జ్ పిన్నులు కన్నాల్లో సరిగ్గా కూర్చోవాలి. నట్టు బలమంతా పెట్టి బిగించకండి, లివర్ బిగుసుకుపోతుంది. గొట్టం చివర జల్లెడ తీసేసి, కాక్ మెల్లగా తెరిచి కాసేపు నీళ్ళు వదలండి, చెత్త కొట్టుకుపోతుంది. తర్వాత జల్లెడ బిగించండి. రాత్రి పడుకునే ముందు కింద పొడి గ్లాసు పెట్టండి. పొద్దున్న కూడా పొడిగానే ఉంటే పని అయినట్టే. అన్నట్టు, టెర్రస్ ఎక్కినప్పుడు మీ వాల్వ్ మీద పెయింటుతో ఫ్లాట్ నంబర్ రాసేయండి. ఉంటానండీ.