మబ్బును మారిస్తే పొద కూడా మారింది!
పాత వీడియో గేముల్లో ‘పలకల’ లెక్క

టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడిన మారియో ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1985లో నింటెండో విడుదల చేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ అది. అందులో ఆకాశంలోని మబ్బును, నేల మీది పొదను పోల్చి చూడండి. రెండింటిదీ ఒకే ఆకారం. రంగులే వేరు.

దీనికి కారణం మెమరీ కొరత. ఆట మొత్తం 40 కిలోబైట్లు. అందులో బొమ్మల వాటా 8 కిలోబైట్లే.

16 బైట్ల పలక

ఇలాంటి ఆటల్లో తెరను టైల్స్ పరిచినట్టు చిన్న పలకలతో నింపుతారు. ఒక్కో పలకలో 8 వరుసలు, వరుసకు 8 చుక్కలు. ప్రతి చుక్కకూ 0 నుంచి 3 వరకు ఒక అంకె, అంటే 2 బిట్లు. 64 చుక్కలకు 16 బైట్లు. ఈ లెక్కన 8 కిలోబైట్లలో 512 పలకలు పడతాయి. ఏ అంకెకు ఏ రంగో చెప్పే పట్టిక వేరుగా ఉంటుంది. పట్టిక మార్చగానే తెల్ల మబ్బు పచ్చని పొద అవుతుంది.

తెర మీద 960 గడులు. గడికో పలక సంఖ్య, రంగుల ఎంపికకు మరో 64 బైట్లు కలిపి 1,024 బైట్లు చాలు. అదే దృశ్యాన్ని చుక్కచుక్కగా దాస్తే 15,360 బైట్లు కావాలి. అంటే పదిహేను రెట్లు!

అభిమానులు సొంత బొమ్మలు గీస్తే

ఇలాంటి ఆటలను సొంత బొమ్మలతో మార్చుకునే అభిమానులు ప్రపంచమంతటా ఉన్నారు. వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. మబ్బు పలకల మీద గాలిపటం గీస్తే, నేల మీద పొద ఉన్నచోట ఆకుపచ్చ గాలిపటం మొలుస్తుంది. అందుకే గీసేముందు ఆ పలక ఇంకెక్కడ వాడారో వెతకాలి.

1990 నాటి ‘సూపర్ మారియో వరల్డ్’ను మార్చడానికి 2000లో ‘లూనార్ మ్యాజిక్’ అనే ఎడిటర్ వచ్చింది. ఇందులో నాలుగు పలకలు కలిస్తే ఒక దిమ్మె. దాని రూపం వేరు, గుణం వేరు. గట్టి నేల మీద ముళ్లు గీసినంత మాత్రాన అవి గుచ్చుకోవు. గుణాన్ని కూడా విడిగా మార్చాలి. మరిచిపోతే ఆడేవారు మోసపోతారు.

ఎవరి సొత్తు?

అసలు ఆట కంపెనీ సొత్తు. దాన్ని పంచిపెట్టకుండా, మారిన బైట్లు మాత్రమే ఉన్న ‘ప్యాచ్’ ఫైలును అభిమానులు పంచుకుంటారు. అంతమాత్రాన కంపెనీ అనుమతి ఉన్నట్టు కాదు. సొంత పలకలు గీయడం వచ్చాక సొంత ఆటే కట్టుకోవచ్చు. ‘టైల్డ్’, ‘గోడో’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు అందుకు ఉన్నాయి.

ముందుగా ఒక గ్రాఫ్ కాగితం తీసుకోండి. 64 గడులు, నాలుగు రంగులు. అందులో ఒక ఇటుక గీయండి. దాన్నే పక్కపక్కన పేర్చినప్పుడు అతుకు కనబడకపోతే, మీ మొదటి పలక సిద్ధమైనట్టే.