సెట్టు చెప్పే నంబరు

మొయినాబాద్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. వాటిలో ఒకదాంట్లో నేను కమ్యూనికేషన్స్ చెబుతాను. ఆ మధ్య బోర్డు మీద ఎర్లాంగ్ సూత్రం రాస్తుంటే చేవెళ్ల నుంచి వచ్చే కుర్రాడొకడు లేచాడు. "సార్, బందోబస్తుల పోలీసోళ్లందరు సెట్లల్ల మాట్లాడ్తనే ఉంటరు గదా, ఎవరు మాట్లాడిండ్రో కంట్రోల్‌కు ఎట్ల తెలుస్తది?" సిలబస్‌లో లేని ప్రశ్న. కానీ రేడియో చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ దాని వెనకే ఉంది.

మొదట్లో జవాబు తేలికే: ఎవరి కాల్‌సైన్ వాళ్లు చెప్పుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, బటన్ నొక్కగానే సెట్టు సిద్ధమయ్యేది కాదు. 1930లలో కారు సెట్ల వాల్వులకు కావలసిన హెచ్చు వోల్టేజీని బ్యాటరీ మీద తిరిగే చిన్న మోటార్ జనరేటర్ ఇచ్చేది. అది వేగం అందుకునేలోపు మొదటి మాట గాలిలో కలిసిపోయేది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసు శాఖలో చార్లెస్ హాపర్ ఆ దశాబ్దం చివర్లో దీనికో ఉపాయం పన్నాడు. మాటలకు బదులు వాడే ప్రతి అంకె సంకేతం ముందూ 'టెన్' అని పెట్టాడు. గాలిలో కలిసిపోతే అదే పోతుంది, వెనకున్న అసలు అంకె బతుకుతుంది. హాలీవుడ్ సినిమాల్లో వినిపించే 'టెన్ ఫోర్' పుట్టుక ఇదే. యంత్రం లోపాన్ని ఒక్క పొట్టి మాటతో కప్పిన ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి.

కానీ మనిషి గాభరాలో తన కాల్‌సైనే మరిచిపోతాడు. అసలు మాట్లాడే స్థితిలోనే ఉండకపోవచ్చు. అందుకని ఆ పని సెట్టుకే అప్పగించారు. మోటరోలా వారి ఎండీసీ-1200 పద్ధతిలో బటన్ నొక్కగానే పిచ్చుక కిచకిచమన్నట్టు రెప్పపాటు చప్పుడు వస్తుంది. 1200, 1800 హెర్ట్జ్ స్వరాలు రెండూ, సెకనుకు 1200 బిట్ల వేగంతో మారుతూ ఆ సెట్టు నంబరు చెప్పేస్తాయి. అవతల కంట్రోల్ తెర మీద నాలుగు అక్షరాల నంబరు, దాని పక్కన ముందే రాసిపెట్టుకున్న పేరు వెలుగుతాయి. గొంతు వినిపించేలోపే మనిషి ఎవరో తెలిసిపోతుంది. కచ్చితంగా చెప్పాలంటే తెలిసేది మనిషి కాదు, సెట్టు. డ్యూటీ మారి మ్యాన్‌ప్యాక్ (చేతి సెట్టు) ఇంకొకరికి వెళ్తే తెర మీద పాత పేరే కనిపిస్తుంది. నంబర్లకు పేర్లు కలిపే ఆ జాబితాను ఎవరో ఓపిగ్గా దిద్దుతూ ఉండాలి.

ఇంతవరకూ నంబరు ఒక సౌకర్యం. అది లేకపోయినా మాట సాగుతుంది. ఛానెళ్లను అందరికీ ఉమ్మడిగా పంచే ట్రంకింగ్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది.

పాత పద్ధతిలో ట్రాఫిక్‌కు ఒక ఫ్రీక్వెన్సీ, శాంతిభద్రతలకు ఒకటి, ఉన్నతాధికారులకు ఒకటి కేటాయించేవారు. ఒకటి కిక్కిరిసి ఉన్నప్పుడు పక్కది ఖాళీగా పడి ఉండేది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రంతో ఈ నష్టం లెక్కగట్టవచ్చు. నూటికి రెండు కాల్స్‌కు ఖాళీ దొరక్కపోయినా ఫరవాలేదనుకుందాం. విడివిడిగా ఉన్న 5 ఛానెళ్లూ కలిసి మోసే భారం 0.1 ఎర్లాంగ్ (కొలతకూ ఆయన పేరే). అవే 5 ఛానెళ్లను ఉమ్మడిగా ఉంచితే 1.66. పదహారు రెట్లు! ఊరికో ఆటో కట్టేసి ఉంచకుండా, ఎవరొస్తే వాళ్లను ఖాళీగా ఉన్న ఆటో ఎక్కించి పంపడం లాంటిదే ఇది.

అయితే ఎక్కించేవాడొకడు కావాలి. దానికోసం ఒక ఛానెల్‌ను మాటలకు వాడకుండా పక్కన పెడతారు. అదే కంట్రోల్ ఛానెల్. ఖాళీగా ఉన్న సెట్లన్నీ దాన్నే వింటూ ఉంటాయి. బటన్ నొక్కితే సెట్టు ముందు "నేను ఫలానా నంబరు, ఫలానా గ్రూపుతో మాట్లాడాలి" అని చిన్న అర్జీ పంపుతుంది. కేంద్రంలోని కంప్యూటర్ ఖాళీ ఛానెల్ చూసి "ఫలానా గ్రూపు, ఫలానా నంబరు మాట్లాడుతోంది, ఫలానా ఛానెల్‌కు రండి" అని అందరికీ చాటుతుంది. ఆ గ్రూపు సెట్లన్నీ ఒక్కసారిగా అక్కడికి గెంతుతాయి. ఇదంతా అర సెకనులో అయిపోవాలని అమెరికా ప్రజాభద్రత కమ్యూనికేషన్ అధికారుల సంఘం ఆప్కో 1970లలోనే పట్టుబట్టింది. ఇక్కడ నంబరు లేకపోతే అర్జీయే లేదు, అర్జీ లేకపోతే మాట లేదు. పోయిన సెట్టును దూరం నుంచే పనిచేయకుండా చేయగలిగేదీ ఆ నంబరుతోనే. ఆపద బటన్ నొక్కితే కంట్రోల్‌కు ముందుగా చేరేదీ అదే.

ఇక్కడ ఇద్దరు ఉద్దండులు తలపడ్డారు. జనరల్ ఎలక్ట్రిక్ వారి ఈడాక్స్ కంట్రోల్ ఛానెల్ సెకనుకు 9600 బిట్లతో పరుగెత్తేది. మోటరోలాది 3600 మాత్రమే. వేగంలో ఈడాక్స్‌దే పైచేయి. అయినా నా ఓటు మోటరోలాకే, దాని పొదుపు చూసి. గ్రూపుకిచ్చిన 16 బిట్లలో 12 బిట్లలోనే గ్రూపు నంబరు ఇరికించి, చివరి 4 బిట్లు స్థితి చెప్పడానికి మిగిల్చారు. అందుకే గ్రూపు నంబర్లన్నీ 16 గుణిజాలుగా కనిపిస్తాయి. ఉదాహరణకు 1616 మామూలు సంభాషణ. అదే 1618 అని కనిపిస్తే ఎవరో ఆపద బటన్ నొక్కారు. 1624 అయితే మాటకు గూఢలిపి తాళం పడింది. అదనంగా ఒక్క బిట్టు కూడా ఖర్చు లేదు.

డిజిటల్ వచ్చాక ఇంకా అందమైన సమస్య ఎదురైంది. సెట్టు మధ్యలో ఆన్ చేసినవాడికి మాట్లాడుతున్నది ఎవరో ఎలా తెలియాలి? పీ25, డీఎంఆర్ అనే డిజిటల్ రేడియో ప్రమాణాల్లో నంబరును మాటలోకే నేసేశారు. రెండింటిలోనూ 360 మిల్లీసెకన్లకొకసారి, మాట ఆగకుండానే, 24 బిట్ల నంబరు మళ్లీ వస్తుంది. 24 బిట్లంటే 1,67,77,216 నంబర్లు. మా ల్యాబ్‌లో నా హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు కింద రెండు డీఎంఆర్ సెట్లు పెట్టి, యాంటెన్నా తీసేసి డమ్మీ లోడ్ బిగించి, పిల్లలకు ఇది చూపిస్తాను. డీఎంఆర్‌లో 60 మిల్లీసెకన్లకొకటి చొప్పున వచ్చే తునకలు ఆరు కలిస్తే ఒక చుట్టు. మొదటి తునక నడిమధ్యన లయ కలిపే గుర్తు ఉంటుంది. తర్వాతి నాలుగింటి నడుమ 32 బిట్ల చొప్పున నంబరు ముక్కలు దాగి ఉంటాయి. నాలుగోది అందగానే ల్యాప్‌టాప్ మీద పూర్తి నంబరు కనిపిస్తుంది. ఏ ఒక్క ముక్కలోనూ నంబరు లేదు, నాలుగూ కలిస్తేనే ఉంది.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. ఐరోపాలో 1995లో టెట్రా అనే మరో డిజిటల్ రేడియో ప్రమాణం వచ్చింది, 2010 కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీలోనూ ఏర్పాటైంది. మాటకు తాళాలు గట్టిపడ్డాయి. నంబరు మాత్రం బయటే ఉండిపోయింది. మాట గూఢలిపిలో ఉన్నా సెట్టు నంబరు పీ25లో సాధారణంగా తెరిచే ఉంటుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చూపించారు. టెట్రాలో నంబరును మరుగుపరిచే ఏర్పాటు ఉంది, కానీ అదీ బలహీనమేనని మిడ్‌నైట్ బ్లూ అనే డచ్ బృందం 2023లో బయటపెట్టింది. ఏ నంబరు ఎప్పుడు, ఏ గ్రూపులో, ఏ నంబర్లతో కలిసి మాట్లాడుతుందో రాసుకుంటూ పోతే ఒక్క మాటా వినకుండానే ఆ దళం తీరుతెన్నులు తెలిసిపోతాయి. తాళం అవసరం మాటకంటే నంబరుకే ఎక్కువని నా అభిప్రాయం. కొత్త ప్రమాణాలు రాసేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అమెరికాలో చాలా చోట్ల అభిరుచి కొద్దీ పోలీసు రేడియో సంభాషణలు వినడం చట్టబద్ధమే. మన దగ్గర కాదు. మనకు ఉద్దేశించని సందేశాన్ని అక్రమంగా పట్టుకుంటే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మార్కెట్లో దొరికే చిన్న రేడియో డాంగిల్ కొని పోలీసు బ్యాండ్ మీద ప్రయోగాలు చేయవద్దని నా విద్యార్థులకు చెప్పేది అందుకే. ఇదే విద్య నేర్చుకోవడానికి హామ్ రేడియో ఉంది. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. 1983 నుంచి హైదరాబాద్‌లోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. రాయండి, పాసవండి. డీఎంఆర్‌లో మీకూ 404తో మొదలయ్యే ఒక నంబరు వస్తుంది.